తడి మంచు చరియలను ముందుగా పసిగట్టడానికి గాలి ఉష్ణోగ్రత చాలదు

ప్రశ్న అడిగిన మిత్రులు గచ్చిబౌలిలో డేటా రంగంలో పనిచేస్తున్నామని, ఏప్రిల్ రెండో వారంలో స్నేహితులతో కలిసి మనాలీ పైభాగంలో మంచు దారుల్లో నడవడానికి వెళుతున్నామని రాశారు. వారి సందేహాల సారాంశం ఇది: వాతావరణ కేంద్రాల గాలి ఉష్ణోగ్రతలను, ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రాలను కలిపి, తడి మంచు చరియలు ఏ రోజు విరిగిపడతాయో చెప్పే చిన్న మోడల్ తయారు చేయవచ్చా? ఉష్ణోగ్రత సున్నా దాటడాన్నే హెచ్చరికగా తీసుకోవచ్చా? పశ్చిమ హిమాలయాల్లో మంచు మేటలను, అంటే పొరలుగా పేరుకున్న మంచును, తవ్వి కొలిచే పనిలో చాలా ఏళ్లు గడిపి ఇప్పుడు తార్నాకలో స్థిరపడినవాడిగా, నాకు తెలిసినంతలో వివరంగానే జవాబు రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, గాలి ఉష్ణోగ్రత సున్నా దాటడం హెచ్చరిక కాదు. సున్నా దాటినా ఏమీ జరగని రోజులు ఎన్నో ఉంటాయి. సున్నాకు దిగువనే ఉన్నా చరియలు విరిగిపడిన రోజులూ ఉంటాయి. మీరు వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. కరిగిన నీరు మంచు మేటలో ఎంత లోతుకు దిగింది, ఇంతవరకు ఎన్నడూ తడవని బలహీన పొర ఏదైనా ఇప్పుడు మొదటిసారి తడుస్తోందా? నిన్న రాత్రి పై పొర మళ్లీ గడ్డకట్టిందా, లేదా? మొదటి ప్రశ్నకు జవాబు ప్రమాదం ఏ రోజుల్లో, ఏ వాలుల మీద పొంచి ఉందో చెబుతుంది. రెండో దానికి జవాబు ఆ రోజు మీకు ఎన్ని గంటల వ్యవధి ఉందో చెబుతుంది. మోడల్ తయారు చేయవచ్చు, కానీ ఈ రెండు ప్రశ్నలకు దగ్గరగా వెళ్లే కొలతలు అందులో లేకపోతే దాన్ని నమ్ముకుని వాలు మీద అడుగు పెట్టకూడదు.

గాలి ఉష్ణోగ్రత ఎందుకు మోసం చేస్తుందో ముందు చూద్దాం. మంచును కరిగించే వేడిలో పెద్ద వాటా, వసంతకాలంలో మరీ ముఖ్యంగా, ఎండది, గాలిది కాదు. ఏప్రిల్ నెలలో ఆ ఎత్తుల్లో నిర్మలమైన మధ్యాహ్నం చదరపు మీటరు మీద సుమారు 900 వాట్ల సూర్యరశ్మి పడుతుందనుకోండి. కొత్తగా కురిసిన మంచు అందులో 85 శాతాన్ని వెనక్కి పంపేస్తుంది, కాబట్టి లోపలికి ఇంకేది 135 వాట్లు. అదే మంచు పాతబడి, తడిసి, దుమ్ము పట్టి 60 శాతాన్నే వెనక్కి పంపుతుంటే ఇంకేది 360 వాట్లు. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. ఈ లెక్కన ఇతర నష్టాలను పక్కన పెడితే మొదటి సందర్భంలో గంటకు ఒకటిన్నర మిల్లీమీటర్ల నీరు పుడుతుంది, రెండో సందర్భంలో దాదాపు నాలుగు మిల్లీమీటర్లు పుడుతుంది. రెండు రోజుల్లోనూ థర్మామీటర్ ఒకే అంకె చూపించవచ్చు.

గాలిలోని తేమ సంగతి కూడా ఇలాంటిదే. పొడిగాలి వీస్తున్నప్పుడు మంచు ఉపరితలం నుంచి ఆవిరి లేచిపోతూ తనతో బోలెడు వేడిని పట్టుకుపోతుంది కాబట్టి, గాలి రెండు మూడు డిగ్రీల వెచ్చగా ఉన్నా నీడవాలుల మీద మంచు కరగకుండానే నిలుస్తుంది. తేమగాలి వచ్చినప్పుడు కథ తిరగబడుతుంది: గాలిలోని ఆవిరి మంచు మీద నీరుగా మారుతుంది, అలా మారిన ప్రతి కిలో ఆవిరి విడిచే వేడి దాదాపు ఏడున్నర కిలోల మంచును కరిగించగలదు. అందువల్ల మబ్బు, తేమ, గాలి మూడూ కలిసిన రోజు ఎండ లేకపోయినా చాలా చెడ్డ రోజు.

మీరు చూసే యాప్‌లోని ఉష్ణోగ్రత ఏ ఎత్తుకు సంబంధించినదో కూడా సరిచూసుకోండి. మనాలీ పట్టణం సుమారు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది, రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లలో ఉంది. ఎత్తు పెరిగే కొద్దీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది కాబట్టి, పట్టణంలో 15 డిగ్రీలు ఉన్నప్పుడు కనుమ ఎత్తులో రెండు మూడు డిగ్రీలు ఉండవచ్చు. మన హైదరాబాద్ బృందాలు చాలావరకు పట్టణం పేరు మీద కనిపించే అంకెనే చూసుకుని బయల్దేరుతుండడం నేను గమనిస్తూ వచ్చాను. సున్నా డిగ్రీల గీత ఏ ఎత్తులో ఉందో చెప్పే అంచనాలు విడిగా దొరుకుతాయి. వాటిని చూడడం అలవాటు చేసుకోండి.

ఇక మంచు లోపలికి వెళదాం. శీతాకాలమంతా పేరుకున్న మంచు మేటలో చలి నిల్వ ఉంటుంది. ఒక మీటరు మందం, ఘనపు మీటరుకు 300 కిలోల సాంద్రత, సగటున మైనస్ 5 డిగ్రీల ఉష్ణోగ్రత ఉన్న మేటను తీసుకోండి. దాన్ని మొత్తంగా సున్నాకు తేవడానికి చదరపు మీటరుకు సుమారు 3,150 కిలోజౌళ్లు కావాలి. ఇది చాలా పెద్ద మొత్తంగా కనిపిస్తుంది కానీ, పైనుంచి దిగిన నీరు లోపల గడ్డకడుతూ విడిచే వేడితో లెక్క కడితే తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల నీటితోనే ఆ చలి నిల్వ అంతా ఖర్చయిపోతుంది. అంటే మంచి ఎండ కాసిన కొద్ది రోజుల్లోనే, మధ్యలో ఒక వాన పడితే ఇంకా ముందే, శీతాకాలమంతా మనల్ని కాపాడిన చలి హరించుకుపోతుంది. వాన విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. 5 డిగ్రీల వెచ్చదనంతో 10 మిల్లీమీటర్ల వాన పడితే ఆ వెచ్చదనం వల్ల మంచుకు చేరే వేడి సుమారు 210 కిలోజౌళ్లే. అదే వాననీరు చల్లని మంచులో గడ్డకడితే విడుదలయ్యేది 3,340 కిలోజౌళ్లు. వాన వెచ్చగా ఉందా, చల్లగా ఉందా అన్నదానికంటే అది మంచుగా కాక నీరుగా పడిందన్నదే ముఖ్యం.

మేట మొత్తం సున్నాకు చేరిన తరువాత పుట్టే ప్రతి చుక్కా గడ్డకట్టకుండా కిందికి దిగుతుంది. చరియలు విరిగే ప్రమాదం గరిష్ఠంగా ఉండేది ఈ తొలి దిగుడు సమయంలోనే. మంచు కణికల మధ్య కొద్దిపాటి తడి ఉన్నంతవరకు ఆ నీరు కణికలు తాకే చోట్ల పట్టుకుని ఉంటుంది, గాలి ఖాళీలు ఇంకా కలిసే ఉంటాయి, కాబట్టి మేటలో కొంత బిగువు మిగులుతుంది. ఘనపరిమాణంలో నీటి వాటా సుమారు మూడు శాతం దాటేసరికి నీరే కణికల మధ్య ఒక దాన్ని ఒకటి కలుపుకుంటూ పారడం మొదలుపెడుతుంది, కణికల మధ్య ఉన్న మంచు బంధాలు కరిగిపోతాయి. స్విట్జర్లాండ్‌లోని దావోస్ పరిశోధకులు మంచు మేట మోడళ్లతో చేసిన పనిలో కూడా మేట సగటు తడి మొదటిసారి మూడు శాతానికి చేరే రోజుల్లోనే తడి చరియలు జోరందుకోవడం కనిపించింది. మొదటిసారి అన్న మాటను మీ మోడల్‌లో తప్పకుండా పెట్టుకోండి. ఆ తరువాత నీరు తన దారులు తాను చేసుకుని నేలకు చేరడం మొదలుపెడితే, కణికలు ముతకబడి కుదురుకుంటే, అంతకంటే ఎక్కువ తడి ఉన్నా అదే మేట చాలావరకు నిలకడగా ఉంటుంది.

మీ ప్రయాణానికి నేరుగా సంబంధించిన సంగతి ఇదే. ఏప్రిల్ రెండో వారానికి దక్షిణం వైపు తిరిగి ఉన్న దిగువ వాలులు ఈ తొలి తడుపును దాటి ఉండే అవకాశం ఎక్కువ. ఉత్తరం వైపు తిరిగిన ఎత్తయిన వాలులు అప్పటికి పొడిగా, చల్లగా, చూపుకు ఎంతో భద్రంగా కనిపిస్తాయి. శీతాకాలంలో ఏర్పడిన బలహీన పొరలు చెక్కుచెదరకుండా దాగి ఉండేది వాటిలోనే, అవి మొదటిసారి తడిసేది కూడా ఆ రోజుల్లోనే. దక్షిణపు వాలు మీద నిన్న ఏమీ కాలేదు కాబట్టి ఉత్తరపు వాలు మీద ఈ రోజు ఏమీ కాదనుకోవడం కంటే ప్రమాదకరమైన తర్కం ఈ రంగంలో ఇంకొకటి లేదు.

నీరు ఎక్కడ ఆగుతుందన్నది కాస్త నిదానంగా చెప్పుకోవలసిన విషయం. నల్లరేగడి కింద గులక ఇసుక ఉన్న చేలో వాన పడితే నీరు సరాసరి ఇసుకలోకి జారిపోదు. పైనున్న సన్నని మట్టి నీటిని గట్టిగా పట్టుకుని, తాను పూర్తిగా నిండాకే కిందికి వదులుతుంది. మంచులోనూ అదే సూత్రం పనిచేస్తుంది. సన్నని కణికల పొర కింద ముతక కణికల పొర ఉంటే ఆ రెండింటి సరిహద్దు దగ్గర నీరు నిలిచి, పక్కలకు పాకుతుంది. శీతాకాలంలో నేలకు దగ్గరగా, లేదా కరిగి మళ్లీ గడ్డకట్టిన గట్టి పెంకుల అడుగున, ఉష్ణోగ్రత తేడాల వల్ల పెరిగిన ముతక, అంచులు తేలిన కణికల పొరలే సాధారణంగా మేటలో అత్యంత బలహీనమైనవి. దురదృష్టమేమిటంటే నీరు నిలిచే చోటు, బలం లేని చోటు ఒకటే అవుతున్నాయి.

దీన్ని కళ్లారా చూడాలంటే ఒక పాత పద్ధతి ఉంది. మనాలీ దగ్గరి సోలాంగ్ పైన, చరియలు చేరని ఒక చిన్న వాలు మీద మేము నీలిరంగు కలిపిన మంచునీటిని ఉపరితలం మీద సన్నగా చల్లి, కొంతసేపు ఆగి, పక్కనుంచి పారతో నిలువుగా కోసి చూసేవాళ్లం. పైన ఒక జానెడు మేర రంగు సమానంగా పరచుకుని ఉండేది. అక్కడినుంచి వేళ్ల మందంలో రెండు మూడు గీతలుగా విడిపోయి, మధ్యలో పొడి మంచును తెల్లగానే వదిలేసి, నిటారుగా దిగేది. పెంకు దగ్గరకు వచ్చేసరికి ఆ గీతలన్నీ ఆగి ఒక మందపాటి అడ్డగీతగా మారి వాలు వెంబడి కిందికి పాకేవి. ఆ అడ్డగీత మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా లాగితే పై మంచంతా ఒక్క పలకగా మన వైపు జరిగేది. పై పొర తడిసిన లోతును చూసి కింద ఎంతవరకు తడిసిందో చెప్పలేమనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు నాకు తెలియదు. సన్నని ఆ నిలువు దారుల్లో నీరు సగటు తడుపు కంటే చాలా ముందే బలహీన పొరను చేరుకోగలదు.

క్షేత్రంలో చేయవలసిన కొలతల్లో మొదటిది గొయ్యి తవ్వి, ప్రతి 10 సెంటీమీటర్లకు ఉష్ణోగ్రత తీసుకోవడం. థర్మామీటర్‌ను ముందుగా మంచు, నీరు కలిసిన గిన్నెలో ఉంచి అది సరిగ్గా సున్నా చూపిస్తోందో లేదో పరీక్షించుకోవాలి. అర డిగ్రీ తేడా ఉన్న పరికరంతో ఈ పని చేస్తే అసలు విషయమే తప్పిపోతుంది. ఎండ తగలకుండా గొయ్యి గోడ నీడలో ఉండాలి, ముట్టిన ప్రతిసారీ చేతి వేడి పరికరానికి చేరకుండా చూసుకోవాలి. పైన సున్నా, మధ్యలో మైనస్ 2, నేల దగ్గర మైనస్ అర డిగ్రీ ఉంటే మధ్యలో ఇంకా చలి నిల్వ ఉందని అర్థం. రెండు రోజుల తరువాత మధ్యలోని ఆ మైనస్ 2 కాస్తా మైనస్ అరకు వచ్చిందంటే ఆ వాలు వైపు వెళ్లవలసిన రోజులు అయిపోయాయి.

తరువాత చేతి పరీక్ష. ప్రతి పొర నుంచి కొంచెం మంచును తొడుగు వేసుకున్న చేతిలోకి తీసుకుని మెల్లగా నొక్కండి. ఉండ కట్టకపోతే అది పొడి మంచు. ఉండ కడుతూ, 10 రెట్ల భూతద్దంలో చూసినా నీరు కనిపించకపోతే చెమ్మ మంచు, అంటే మూడు శాతం లోపు. భూతద్దంలో కణికల మధ్య నీరు కనిపిస్తూ, మామూలుగా నొక్కితే బయటికి రాకపోతే తడి మంచు, మూడు నుంచి ఎనిమిది శాతం వరకు. నొక్కగానే నీరు కారితే బాగా తడిసిన మంచు, ఎనిమిది నుంచి పదిహేను శాతం వరకు. ఆపైన ఉన్నది బురదమంచు. విద్యుత్ ధర్మాల ఆధారంగా తడిని కొలిచే పరికరాలు ఉన్నాయి, నేలలో పాతిపెట్టి పైకి చూసే రాడార్‌తో నీటి అంచు రోజురోజుకూ ఎంత దిగిందో దావోస్ పైనున్న వైస్‌ఫ్లూయోక్ పరిశోధన స్థలంలో కొలిచారు కూడా. అయినా మీ వంటి బృందానికి థర్మామీటరు, భూతద్దం, చెయ్యి సరిపోతాయి. పొడి మంచులో స్థిరత్వాన్ని పరీక్షించడానికి పారతో తట్టి చేసే పరీక్షలు మాత్రం తడి మంచులో అంతగా నమ్మదగినవి కావు. ఉదయం తొమ్మిదింటికి చేసిన పరీక్ష పదకొండుకు చెల్లకపోవచ్చు.

రాత్రి గడ్డకట్టడం గురించి. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న మంచు ఉపరితలం చదరపు మీటరుకు సుమారు 315 వాట్ల చొప్పున వేడిని ఆకాశంలోకి వెళ్లగక్కుతుంది. నిర్మలమైన, పొడి ఆకాశం తిరిగి ఇచ్చేది అంతకంటే వంద వాట్లు తక్కువ ఉంటుందనుకుంటే, పది గంటల రాత్రిలో సుమారు 3,600 కిలోజౌళ్లు పోయి, పదకొండు మిల్లీమీటర్ల నీరు గడ్డకట్టగలదు. దట్టమైన మబ్బు పడితే ఆ వేడి దాదాపు అంతా తిరిగి వచ్చేస్తుంది. గాలి ఉష్ణోగ్రత రెండు రాత్రుల్లోనూ మైనస్ 1 ఉండవచ్చు. ఒక తెల్లవారుజామున బూటు కింద గట్టి పెంకు పలుకుతుంది, ఇంకో తెల్లవారుజామున కాలు మోకాలి వరకు దిగబడుతుంది.

ఒక మార్చి నెలాఖరులో సోలాంగ్ ఎగువన ఉన్న ధుండీ వైపు ఇలాంటి వరుసను దగ్గరగా చూశాను. మూడు రోజులు ఎండ బాగా కాసింది, పగటి గాలి ఉష్ణోగ్రతలు ఆ కాలానికి ఎక్కువే, కానీ రాత్రులు నిర్మలంగా ఉండి పొద్దున్నే మంచు రాయిలా గట్టిపడేది. రాళ్ల కింద చిన్న చిన్న జారుళ్లు తప్ప ఏమీ జరగలేదు. నాలుగో రోజు పశ్చిమ అలజడి (పడమటి నుంచి వాన, మంచు తెచ్చే వాతావరణ వ్యవస్థ) ముందు వచ్చే పలుచని మబ్బు సాయంత్రానికే కమ్మేసింది. రాత్రి గాలి ఉష్ణోగ్రత మునుపటి రాత్రుల కంటే పెద్దగా పెరగలేదు. ఐదో రోజు పగలు ముందు రోజుల కంటే చల్లగానే ఉంది, ఎండ పొడ లేదు. ఆ ఉదయమే తొమ్మిదిలోపు ఎదుటి వాలు సగం ఎత్తు నుంచి నేలదాకా, గడ్డి బయటపడేలా, ఊడి వచ్చింది. ఉష్ణోగ్రతల పట్టిక మాత్రమే చూసేవారికి ఆ ఐదు రోజుల్లో అన్నిటికంటే భద్రమైనది ఐదో రోజే.

కాబట్టి పొద్దున బయల్దేరే ముందు పెంకు ఎంత మందంగా గట్టిపడిందో, దాని కింద మంచు పొడిగా ఉందో మెత్తగా ఉందో చూడండి. ఒకటి రెండు సెంటీమీటర్ల పెంకు కింద తడి మంచు ఉంటే ఆ పెంకు ఎండ తగిలిన కాసేపట్లో పోతుంది. తూర్పు వాలులు పొద్దున్నే, దక్షిణపు వాలులు మధ్యాహ్నం, పడమటి వాలులు మధ్యాహ్నం దాటాక బలం కోల్పోతాయి. మంచు ఉండలు వాటంతట అవే దొర్లడం, బండల అంచుల నుంచి చిన్న జారుళ్లు మొదలవడం, ఉన్నట్టుండి మడమ దిగబడడం కనిపించాయంటే ఇక లెక్కలతో పనిలేదు, వాలు కిందినుంచి తప్పుకోవాలి.

ఇప్పుడు మీ సందేహంలోని ఉపగ్రహాల సంగతి: హైదరాబాద్‌లో కూర్చుని ఉపగ్రహాలతో ఎంత తెలుసుకోవచ్చు? బాలానగర్‌లో ఇస్రో ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, దగ్గర్లోని షాద్‌నగర్‌లో దాని భూకేంద్రం ఉన్న నగరంలో ఈ ప్రశ్న రావడం నాకు సంతోషంగా ఉంది. మామూలు కాంతి చిత్రాలతో మంచు ఎక్కడ పరచుకుని ఉందో తెలుస్తుంది. ఆకుపచ్చ కాంతిలో మెరుస్తూ, హ్రస్వతరంగ పరారుణంలో చీకటిగా కనిపించడం మంచు లక్షణం. ఆ తేడాతో లెక్కించే సూచీ 0.4 దాటితే మంచు అని సాధారణంగా తీసుకుంటారు. కానీ అది తడిదా పొడిదా అన్నది దానితో తేలదు. తడిని పసిగట్టేది రాడార్. పొడి మంచు గుండా సీ-బ్యాండ్ అనే రకం రాడార్ తరంగాలు దాదాపు అడ్డు లేకుండా వెళ్లి నేలను తాకి తిరిగివస్తాయి. మంచులో నీరు చేరగానే ఆ తరంగాలు అందులోనే ఇంకిపోయి ప్రతిధ్వని బలహీనపడుతుంది. అదే కోణంలో పొడి కాలంలో తీసిన చిత్రంతో పోల్చి, ప్రతిధ్వని మూడు డెసిబెల్స్, అంటే సగానికి సగం, తగ్గిన చోట తడి మంచు ఉందని గుర్తించడం స్థిరపడిన పద్ధతి. 2014లో మొదలైన ఐరోపా సీ-బ్యాండ్ రాడార్ ఉపగ్రహాలు సెంటినెల్-1 చిత్రాలు ఉచితం. 2022 ఫిబ్రవరి 14న ఇస్రో పంపిన ఈఓఎస్-04 కూడా సీ-బ్యాండ్ రాడారే. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నైసార్ ఇంకా పొడవైన ఎల్, ఎస్ బ్యాండ్ తరంగాలతో పనిచేస్తుంది కాబట్టి మంచు పరిశోధకులు దానిపై ఆశలు పెట్టుకున్నారు.

అయితే మూడు పరిమితులు మరచిపోవద్దు. తడి మంచులో సీ-బ్యాండ్ తరంగం కొన్ని సెంటీమీటర్లకు మించి దిగదు కాబట్టి పైన తడిసిందని చెబుతుంది తప్ప నీరు బలహీన పొరను చేరిందో లేదో చెప్పదు. ఒకే ఉపగ్రహం అదే దారిలో తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది, మనం పట్టుకోవలసిన మార్పు రెండు మూడు రోజుల్లో జరిగిపోతుంది. పైగా చరియలు విరిగే నిటారు వాలుల్లోనే రాడార్ నీడలు, మడతలు పడి చిత్రం చెడిపోతుంది. అందుచేత ఉపగ్రహ చిత్రాలను తడి గీత ఏ ఎత్తు దాకా, ఏ దిక్కు వాలుల దాకా ఎక్కిందో తెలుసుకోవడానికి వాడండి. ఏ రోజు వెళ్లాలన్న నిర్ణయానికి మాత్రం వాటిని వాడవద్దు. సెంటినెల్ దారి తెల్లవారుజాము, సాయంత్రం వేళల్లో దాటేలా అమరి ఉంటుంది. మీ ప్రాంతానికి రెండు వేళల చిత్రాలూ దొరికితే సాయంత్రం తడిగా ఉండి పొద్దున పొడిగా కనిపించే వాలుల్లో రాత్రి గడ్డకట్టడం జరుగుతోందని గ్రహించవచ్చు. రెండు వేళల్లోనూ తడిగా ఉన్నవాటి మీద కన్ను వేయండి.

మోడల్‌లో గాలి ఉష్ణోగ్రతను తీసేయమని నేను అనడం లేదు. దానితోపాటు సౌర వికిరణం, మబ్బు, తేమ, గాలి వేగం తీసుకుని, ఎత్తు, దిక్కు, వాలు కోణాల ప్రకారం సవరించి, చలి నిల్వ ఏ రోజుకు ఖర్చవుతుందో పైన చెప్పిన లెక్కతో అంచనా వేయండి. ఆ రోజు నుంచి గడిచిన రోజులు ఎన్ని, నిన్న రాత్రి పోయిన వేడి ఎంత అన్న రెండు విలువలు మీ మోడల్‌కు ఉష్ణోగ్రత కంటే ఎక్కువ మేలు చేస్తాయి. స్విస్ పరిశోధకుల స్నోప్యాక్, ఫ్రెంచి వాతావరణ శాఖ క్రోకస్ అనే మంచు మేట మోడళ్లు ఇదే పనిని పొర పొరకూ చేస్తాయి. మొదటినుంచి కొత్తగా రాయడం కంటే వాటిని అర్థం చేసుకోవడం మంచిది. ఫలితాన్ని కొలిచేటప్పుడు జాగ్రత్త: చరియలు విరగని రోజులే అత్యధికం కాబట్టి, ప్రతి రోజూ "ఏమీ కాదు" అని చెప్పే మోడల్ కూడా కాగితం మీద 90 శాతానికి పైగా సరైనదనిపించుకోవచ్చు. విరిగిన రోజుల్లో ఎన్నింటిని ముందుగా పట్టుకుందన్నదే చూడాలి. చరియలు విరిగినట్టు నమోదు కావడం కూడా రోడ్ల పక్కన, శిబిరాల దగ్గరే ఎక్కువ జరుగుతుంది. మనుషులు లేని లోయల్లో విరిగినవి మీ డేటాలో ఉండవు, అంతమాత్రాన అక్కడ విరగలేదని కాదు.

ఇంకొక జాగ్రత్త, ఐరోపా పర్వతాల అంకెలను యథాతథంగా మన కొండలకు అంటగట్టవద్దు. పశ్చిమ హిమాలయాల్లోనే మూడు రకాల మంచు ఉంది: పీర్ పంజాల్ వంటి దిగువ శ్రేణుల్లో వెచ్చని, తడి ఎక్కువైన భారీ మంచు, మధ్య శ్రేణుల్లో వేరొక తీరు, కారకోరంలో చలి, పొడి, పలుచని మేటలు. తడి చరియలు ఎక్కువగా కనిపించేది మొదటి మండలంలో, మీరు వెళ్లేది కూడా దాదాపు ఆ సరిహద్దుకే. హిమాచల్‌లో చెట్ల కాండాల్లోని వలయాలు, గాయాల గుర్తుల ఆధారంగా జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. వేడెక్కుతున్న దశాబ్దాల్లో అక్కడ చరియలు విరిగిపడే తరచుదనం పెరిగిందని అది చూపింది. చలికాలం చివరి నెలల్లో మంచు ముందుగా తడవడం అందులో చెప్పిన కారణాల్లో ఒకటి.

మన దేశంలో ఈ హెచ్చరికలు ఇచ్చే బాధ్యత చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈది. 1969లో మనాలీలో మొదలైన మంచు, మంచు చరియల అధ్యయన సంస్థ 2020లో మరో సంస్థతో కలిసి ఇలా ఏర్పడింది. వారి హెచ్చరికలో జిల్లా, ఎత్తు స్పష్టంగా ఉంటాయి. మీ మోడల్ "వెళ్లవచ్చు" అంటూ వారి హెచ్చరిక "వద్దు" అంటే వారి మాటే వినండి. వారు ఏమీ అనకపోయినా మీరు చూసిన మంచు మెత్తగా ఉంటే మీ కళ్లను నమ్మండి.

వాలు ఎక్కేవారికే ప్రమాదం అనుకోవద్దు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో గాంగ్‌టక్, నాథూలా రోడ్డు దగ్గర పగటిపూట చరియలు విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వారు పర్వతారోహకులు కాదు. తడి మంచు పొడి మంచు కంటే నెమ్మదిగా కదిలినా, బరువు ఎక్కువ, వాగుల వెంట తిన్నగా దిగుతుంది, వాలు తగ్గిన చోట కూడా ఆగకుండా చాలా దూరం పోతుంది, ఆగిన వెంటనే పారకు లొంగనంత బిగుసుకుంటుంది. కాబట్టి గుడారాలు వాగు నోట్లో, పాత చరియల మట్టి, విరిగిన కొమ్మలు పడి ఉన్న చోట వేయకండి. అలాంటి చోట దాటవలసి వస్తే ఒక్కొక్కరుగా, ఆగకుండా దాటండి. బీకన్ (మంచులో కూరుకున్నవారి జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవైన కడ్డీ), పార లేకుండా వెళ్లడం తగదు, ఎందుకంటే పూర్తిగా కప్పబడిన మనిషిని బతికించడానికి దొరికే సమయం నిమిషాల్లోనే.

మొత్తం మేట నేల మీద నుంచే జారే రకం ఒకటి ఉంది. గడ్డి వాలుల మీద, నునుపైన బండల మీద, మంచులో అడ్డంగా పెద్ద పగుళ్లు తెరుచుకుని కనిపిస్తాయి. పగులు కనిపించిన గంటల్లో జారవచ్చు, వారాల తరువాత జారవచ్చు, అసలు జారకపోనూవచ్చు. దాన్ని అంచనా వేసే నమ్మకమైన పద్ధతి ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు కాబట్టి పగులు కింద నడవకపోవడమే పద్ధతి.

మీ ప్రయాణం విషయానికి వస్తే, ఎత్తయిన భాగాన్ని తెల్లవారకముందే మొదలుపెట్టి ఎండ ముదరకముందే దిగివచ్చేలా ప్రణాళిక వేసుకోండి. పొద్దున మూడింటికి గుడారం బయట బూటు మడమతో మంచును గట్టిగా తొక్కి చూడండి. పెంకు విరగకపోతే బయల్దేరండి, విరిగి కాలు తడి మంచులో దిగబడితే ఆ రోజు శిబిరంలోనే ఉండండి. ఇందుకు వీలుగా ప్రయాణంలో కనీసం రెండు ఖాళీ రోజులు ఉంచుకోండి. తిరుగు టికెట్ తేదీ దగ్గరపడిందని మెత్తని మంచు మీదికి వెళ్లిన బృందాలను నేను చూశాను. మీ దారి పేరు, గరిష్ఠ ఎత్తు, దాటవలసిన వాలుల దిక్కు రాస్తే, మార్చి చివరి వారం ఉపగ్రహ చిత్రాలు వచ్చాక తడి గీత ఎక్కడిదాకా ఎక్కిందో చూసి ఇక్కడే చెబుతాను.